స్వేచ్ఛా మార్కెట్ మేధావులు: మన యార్డు నుంచి చూస్తే ఎవర్ని ముందు చదవాలి?

#1 దేవరకొండ_దారి

అందరికీ నమస్తే. దూరవిద్యలో ఎం.ఏ. ఎకనామిక్స్ చేస్తున్నా. సెమినార్‌కు నాకు పడిన అంశం లిబర్టేరియన్ ఆలోచనాపరులు, స్వేచ్ఛా మార్కెట్ ఆర్థికశాస్త్రం. మా పుస్తకంలో హాయెక్‌కు ఒక పేరా, ఫ్రీడ్‌మన్‌కు అర పేజీ ఇచ్చారు. మీసెస్, రాత్‌బార్డ్, నోజిక్ పేర్లు మాత్రం పెళ్లి పత్రికలో బంధువుల పేర్లలాగా వరసగా ఉన్నాయి. ఎవర్ని ముందు చదవాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

ఇంకో సంగతి. మాకు నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. ఏం చదువుతున్నవని మొన్న నాన్న అడిగిండు. "మార్కెట్‌ను దాని మానాన వదిలేస్తే అందరికీ మేలు అని రాసిన పెద్దమనుషుల గురించి" అన్నా. "టన్నుకు ఎంత సూట్ తీస్తరో వాళ్లకు ఎరికేనా?" అన్నడు. సూట్ అంటే యార్డులో కొనేవాళ్లు తూకంలోంచి కోసేసుకునేది. నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉంటే చెప్పండి.

లిబర్టేరియన్‌ను ఉదారవాది అని రాస్తే మా సార్ ఎర్ర ఇంకుతో కొట్టేశారు. మరి ఏం రాయాలి?

#2 కాంటా_మాస్టారు

తమ్ముడూ, మీ సార్ కొట్టేసింది సబబే. స్వేచ్ఛావాది అని రాయి. ఒకప్పుడు ఉదారవాదం అంటే రాజు చేతులు కట్టెయ్యడమే. ఇరవయ్యో శతాబ్దంలో అమెరికాలో ఆ మాట సర్కారు సంక్షేమం కావాలనేవాళ్లకు పోయింది. పాత ఇల్లు పోయినవాళ్లు కొత్త పేరు పెట్టుకున్నారు. తమాషా ఏమిటంటే హాయెక్‌కు ఆ కొత్త పేరు నచ్చలేదు. 1960లో తెచ్చిన పుస్తకం చివర, తాను సంప్రదాయవాదిని ఎందుకు కానో చెబుతూ, ఈ పేరు కూడా తయారుచేసి అతికించినట్టుందన్నాడు.

ముందు చదవాల్సింది ఆయన్నే. అయితే 1944 నాటి 'ద రోడ్ టు సెర్ఫ్‌డమ్'తో మొదలుపెట్టకు. అందరూ అక్కడ మొదలుపెట్టి, కోపంతోనో భక్తితోనో అక్కడే ఆగిపోతారు. 1945లో రాసిన చిన్న వ్యాసం ఒకటుంది. సమాజంలో ఉన్న తెలివిడి ఎలా వాడకంలోకి వస్తుందన్నది అందులోని విషయం. ఒక పూటలో అయిపోతుంది. తగరం ఉదాహరణ ఇస్తాడు. ఎక్కడో గని మూతపడిందో, తగరానికి కొత్త వాడకం పుట్టిందో, ఆ కారణం వాడేవాళ్లకు తెలియనక్కర్లేదు. ధర పెరిగిందని తెలిస్తే చాలు, చూసి వాడతారు.

దాన్నే బత్తాయికి మార్చి చూడు. ఢిల్లీలో ఎండలు ముదిరి జ్యూస్ బండ్లు పెరిగాయనుకో. మీ నాన్న ఢిల్లీ చూసి ఉండడు. బాటసింగారం మార్కెట్ రేటు ఫోన్‌లో విన్నాడు, కాయ ఇప్పుడే కోయాలా, పది రోజులు ఆగాలా తేల్చుకున్నాడు. చెట్టు మీద కాయ ఏ పక్వానికి వచ్చిందో, బోరు ఇంకెన్నాళ్లు పోస్తుందో ఆయనకే తెలుసు. ఢిల్లీ సంగతి ధర చెప్పింది. ఈ రెండూ ఏ సెక్రటేరియట్ ఫైలులోనూ ఒకచోట చేరవు. హాయెక్ వాదానికి కీలకం ఇదే.

ఈ దారిలో ఆయనకు అన్న మీసెస్. 1920లోనే రాశాడు. ఉత్పత్తి సాధనాలన్నీ సర్కారువే అయితే వాటికి కొనుగోలు, అమ్మకం ఉండవు. అవి లేకుంటే ధర పుట్టదు. ధర లేకుంటే దేన్ని దేనికి వాడితే దండగో లెక్క తేలదు. ఇది తర్వాత చదువు.

సూట్ సంగతి రాత్రికి రాస్తా, ఇప్పుడే కరెంటు పోయింది.

#3 పల్లీ_బండి

నాకు తెలిసిన స్వేచ్ఛావాది అయాన్ రాండ్ ఒక్కతే. హాస్టల్లో ఆమె 1957 నవల 'అట్లాస్ ష్రగ్డ్' ఉండేది. వెయ్యి పేజీలు దాటింది. మెత్త చినిగిపోయినప్పుడు తల కింద పెట్టుకున్నా, బాగా పనికొచ్చింది.

#4 కాంటా_మాస్టారు

ఆమెను స్వేచ్ఛావాది అంటే కోపమొచ్చేది బాబూ. వాళ్లు వేరు, నేను వేరు అని గట్టిగానే చెప్పింది. 1905లో రష్యాలో పుట్టి, విప్లవంలో తండ్రి మందుల దుకాణం పోవడం కళ్లారా చూసిన మనిషి. ఆ మంట ప్రతి పేజీలో ఉంటుంది. సెమినార్‌కు మాత్రం రెండు వాక్యాలు చాలు.

#5 మూసీ_ఒడ్డు

మాస్టారు గారి బత్తాయి కథ తియ్యగానే ఉంది. కానీ హాయెక్ పుస్తకం వచ్చిన 1944లోనే కార్ల్ పొలానీ 'ద గ్రేట్ ట్రాన్స్‌ఫర్మేషన్' కూడా వచ్చింది. ఇద్దరూ వియన్నా నుంచి వచ్చినవాళ్లే. తనంతట తాను నడిచే మార్కెట్ ఆకాశం నుంచి ఊడిపడలేదనీ, ఇంగ్లాండ్‌లో దాన్ని చట్టాలు చేసి నిలబెట్టింది సర్కారేననీ పొలానీ అంటాడు.

మన యార్డే చూడండి. 1966 మార్కెట్ల చట్టం, కమిటీ, లైసెన్సు, బహిరంగ వేలం అన్నీ సర్కారు పెట్టినవే. పశువుల అంగట్లో ఇప్పటికీ తువ్వాలు కింద వేళ్లు పట్టి బేరం చేస్తారు. ధర అందరికీ సమాచారం ఇస్తుందంటున్నారే, ఆ తువ్వాలు కింద ధర ఎవరికి ఏం చెబుతుంది?

దేవరకొండ తమ్ముడు అడిగిన సూట్‌కు జవాబు హాయెక్ దగ్గర లేదు. కొనేవాళ్లు నలుగురే ఉండి, నలుగురూ ఒక్క మాట మీదుంటే అది మార్కెట్ కాదు, ఊరి దొర గడే.

#6 కాంటా_మాస్టారు

తువ్వాలు మాట బాగుంది, ఒప్పుకుంటా.

సూట్‌కు జవాబు హాయెక్ కంటే ముందే ఉంది. 1776లో ఆడమ్ స్మిత్ రాసిందేంటంటే, ఒకే వ్యాపారం చేసేవాళ్లు సరదాకు కలుసుకున్నా చివరికి ధర పెంచే కుట్ర దగ్గరే మాట ఆగుతుందని. మార్కెట్‌ను మెచ్చినవాడు వర్తకుణ్ని నమ్మలేదు. మన దగ్గర ఈ రెండూ ఒకటే అనుకొని తిడతారు, పొగుడుతారు.

తరుగు, సూట్, తాలు పేరుతో కోసేదాన్ని నేను ఇరవై ఏళ్లు కాంటా పక్కన నిలబడి చూశా. ఏ యార్డో చెప్పను. ధర బోర్డు మీద ఒకటి, రైతు చేతికి ఇంకొకటి. ధరలో సమాచారం ఉందంటే తూకంలో నిజం ఉండాలి. అందరికీ ఒకే నియమం, ముందే తెలిసిన నియమం ఉండాలని హాయెక్ కూడా పదేపదే అంటాడు. స్వేచ్ఛా మార్కెట్ వాళ్ల జవాబు ఇంకొకటి ఉంది. ఐదో కొనుగోలుదారుణ్ని యార్డు బయటి నుంచి రానివ్వండి, నలుగురి కట్టు తెగుతుంది అని. 2020 కేంద్ర చట్టాల్లో ఒకటి ఆ ఆలోచన మీదే వచ్చింది, 2021లో వెనక్కి తీసుకున్నారు. బయటి నుంచి వచ్చే ఐదోవాడు అందరికంటే పెద్దవాడైతే ఏంటన్నది రైతుల భయం. రెంటిలోనూ పస ఉంది. నేను మాత్రం ఐదోవాడు రావాలనే అంటా, సరైన కాంటాతో.

#7 నల్లరేగడి

వియన్నా సరే, నిడుబ్రోలు సంగతేంటి? ఎన్.జి. రంగా 1900లో అక్కడ పుట్టాడు, ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు, జమీందార్ల మీద రైతు ఉద్యమాలు నడిపాడు. 1959లో కాంగ్రెస్ నాగపూర్ సభలో ఉమ్మడి సహకార సేద్యం తీర్మానం పెడితే, రైతు భూమి రైతు చేతిలోనే ఉండాలని బయటికొచ్చాడు. అదే ఏడాది రాజాజీ, మినూ మసానీ వాళ్లతో కలిసి స్వతంత్ర పార్టీ. మొదటి అధ్యక్షుడు రంగానే. పర్మిట్ లైసెన్స్ రాజ్ అనే మాట జనంలోకి తెచ్చింది రాజాజీ. 1962లో లోక్‌సభలో 18 సీట్లు, 1967లో 44 సీట్లు. 1974కల్లా పార్టీ వేరే పార్టీలో కలిసిపోయింది.

అంతకు ముందే బి.ఆర్. షెనాయ్. 1955లో రెండో పంచవర్ష ప్రణాళిక మీద ఆర్థికవేత్తల ప్యానెల్ కూర్చుంటే, అసమ్మతి పత్రం రాసింది ఆయనొక్కడే. పొదుపు లేకుండా నోట్లు కొట్టి ప్రణాళిక నడిపితే ధరలు మండుతాయనీ, అదుపుల మీద అదుపులు పెట్టాల్సి వస్తుందనీ అన్నాడు. లండన్‌లో హాయెక్ ఉపన్యాసాలు విన్న మనిషి. అదే 1955లో ఫ్రీడ్‌మన్ ఢిల్లీ వచ్చి, ఆర్థిక శాఖకు దాదాపు అదే దారిలో నోట్ ఇచ్చిపోయాడు. ఇద్దరి మాటా ఫైల్లోనే పడుకుంది. 1991 జూలైలో పరిశ్రమల లైసెన్సులు చాలావరకు ఎత్తేసిన ప్రధాని మన తెలంగాణ వాడే. షెనాయ్ మాత్రం 1978లోనే పోయాడు, చూడలేదు.

తమ్ముడూ, నీ పేపర్లో వీళ్లు లేకపోతే మీ సార్ కాదు, నేను కొట్టేస్తా.

#8 సాగర్_ఎడమకాల్వ

ఫ్రీడ్‌మన్ గురించి నాక్కొంచెం తెలుసు, మిర్యాలగూడ మిల్లు గేటు ముందు ట్రాక్టర్ పెట్టుకొని లైన్లో కూర్చున్నప్పుడు చదివినదే. 1962 పుస్తకం 'క్యాపిటలిజం అండ్ ఫ్రీడమ్'లో పేదలకు సరుకులు, ధరల మద్దతు, అద్దె నియంత్రణ ఇవన్నీ వద్దు, నేరుగా డబ్బు ఇవ్వండి అంటాడు. ఆదాయం ఒక గీతకు కింద ఉంటే పన్ను కట్టేబదులు సర్కారే ఎదురు చెల్లిస్తుంది. రుణాత్మక ఆదాయపు పన్ను అని పేరు.

2018లో రైతుబంధు వచ్చినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది. పంటకు ఎకరాకు 4,000, నేరుగా రైతు చేతికి. ఎరువు కొంటావా, బిడ్డ ఫీజు కడతావా నీ ఇష్టం. ఇంతవరకు ఫ్రీడ్‌మన్ సంతోషిస్తాడు. కానీ ఆయన లెక్క ఆదాయం మీద, మనది ఎకరం మీద. అప్పుడు యాభై ఎకరాల ఆసామికి పంటకు రెండు లక్షలు, నాకు సున్నా. నాది కౌలు. పట్టా ఆయనది, చెమట నాది. ఇది చూస్తే ఫ్రీడ్‌మన్ పుస్తకం మూసి పడుకుంటాడు.

ఇంకో పక్క. మద్దతు ధర పెడితే అక్కర్లేనంత పండిస్తారని ఆయన వాదం. మా కాల్వ కింద చూస్తే నిజమే, ఎటు చూసినా వడ్లే. కానీ 2024-25లో మామూలు రకానికి క్వింటాలుకు 2,300 మద్దతు ధర లేకపోతే కౌలు కట్టి నాకేం మిగులు? సిద్ధాంతం తప్పని అనను. దాన్ని నా మీద ముందు ప్రయోగించకండి అంటున్నా.

#9 నిర్వాహకులు

పథకాల గురించి రాయొచ్చు. పార్టీల పేర్లు పెట్టి మొదలైన మూడు పోస్టులు తీసేశాం. దారాన్ని ఆలోచనాపరుల మీదే ఉంచండి.

#10 పాలమూరు_ఆడబిడ్డ

ఇన్ని పోస్టుల్లో కూలి మాట ఒక్కటీ రాలేదు, అందుకే రాస్తున్నా.

మా నాయిన గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకొని పోయేవాడు. దేశంలో చాలా ఆనకట్టల కింద పాలమూరు లేబర్ చెమట ఉంది, ఇది అందరికీ తెలిసిందే. ఎండాకాలం తిండికి లేనప్పుడు మేస్త్రీ వచ్చి చేతిలో డబ్బు పెడతాడు. ఆ డబ్బుకు పనిచేసి తీర్చాలి. వేలిముద్ర వేసింది నాయినే. ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేదు. స్వేచ్ఛావాదులకు ఒప్పందం అంటే పవిత్రం కదా. మరి ఇది స్వేచ్ఛేనా?

లైబ్రరీలో పనిచేస్తా కాబట్టి వెతికి చదివా. ఇక్కడే వాళ్లలో వాళ్లకు పెద్ద తగాదా ఉంది. జాన్ స్టూవర్ట్ మిల్ 1859లోనే, తనను తాను బానిసగా అమ్ముకునే ఒప్పందం చెల్లదు, స్వేచ్ఛ పేరుతో స్వేచ్ఛను వదులుకోవడం కుదరదు అన్నాడు. రాబర్ట్ నోజిక్ 1974 పుస్తకం 'అనార్కీ, స్టేట్ అండ్ యుటోపియా'లో, స్వేచ్ఛా వ్యవస్థ దాన్ని కూడా అనుమతిస్తుందనే నమ్ముతున్నా అని రాశాడు. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి కాసేపు బయటికి పోయొచ్చా. రాత్‌బార్డ్ 1982లో 'ది ఎథిక్స్ ఆఫ్ లిబర్టీ'లో అడ్డం తిరిగాడు. నీ పని అమ్మొచ్చు, నీ ఇచ్ఛను అమ్మలేవు, అది నీ నుంచి విడిపోదు, కాబట్టి మధ్యలో మనసు మారితే నిన్ను పట్టి ఉంచే హక్కు ఎవరికీ లేదు. ఎక్కువంటే తీసుకున్న డబ్బు తిరిగివ్వాలి అంతే.

మా నాయిన కథలో కష్టమంతా ఆ మధ్యలోనే. ఒంట్లో బాగాలేదు, ఇంటికి పోతా అంటే పోనివ్వలేదు. అప్పు ఉండడం ఒకటి, మనిషిని ఆపడం ఒకటి. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఆ అప్పునే కొట్టేసింది. ఈ ఒక్కచోట రాత్‌బార్డ్‌కూ ఆ చట్టానికీ మధ్య ఉన్న తేడా డబ్బు తిరిగివ్వాలా వద్దా అన్నదే. ఆయన అంత మార్కెట్ భక్తుడని, సర్కారే వద్దంటాడని ఇక్కడ ఎంతమందికి తెలుసో!

తిండి లేక వేసిన వేలిముద్ర స్వేచ్ఛగా వేసినట్టా అన్న ప్రశ్నకు మాత్రం ముగ్గురిలో ఎవరి జవాబూ నాకు చాలలేదు.

#11 మూసీ_ఒడ్డు

అక్కా, ఇది చదివాక నా పాత అభిప్రాయం ఒకటి మార్చుకోవాల్సి వచ్చింది. వాళ్లందరూ ఒకటే అనుకునేవాణ్ని. అయినా చిలీ మర్చిపోవద్దు. ఫ్రీడ్‌మన్ 1975లో, హాయెక్ 1977లో వెళ్లి పినోచెట్‌ను కలిశారు. స్వేచ్ఛ గురించి రాసినవాళ్లు సైనిక నియంతకు ఆర్థిక సలహాలు చెప్పడమేంటి?

#12 కాంటా_మాస్టారు

ఫ్రీడ్‌మన్ తనను తాను సమర్థించుకున్నాడు, ధరలు అదుపు తప్పినప్పుడు వైద్యుడు సలహా ఇచ్చినట్టే ఇచ్చానని. నాకు రుచించలేదు. హాయెక్ సమర్థన ఇంకా రుచించలేదు.

#13 పోచంపల్లి_పడుగు

ఆడబిడ్డ గారు నోజిక్‌ను తెచ్చారు కాబట్టి, ఆయన అభిమానులు దాటవేసే పేజీలు నేను చెబుతా.

నోజిక్ లెక్కలో ఆస్తి న్యాయంగా నీది కావాలంటే మొదట సంపాదించింది న్యాయంగా ఉండాలి, చేతులు మారింది న్యాయంగా ఉండాలి. మూడోది దిద్దుబాటు. మొదటి రెంటిలో అన్యాయం జరిగితే సరిచేయాలి. పన్ను వేసి పంచడం తప్పు అని ఆయన చెప్పిన మాట అందరూ వల్లిస్తారు, ఈ మూడోది ఎవరూ ఎత్తరు. పాత అన్యాయాలు మరీ పెద్దవైతే, వాటిని సరిచేయడానికి కొంతకాలం పెద్ద సర్కారు కూడా అవసరం కావచ్చని ఆయనే ఒప్పుకున్నాడు.

ఇప్పుడు మన నల్లగొండకు రండి. ఐలమ్మ పాలకుర్తి అప్పుడు నల్లగొండ జిల్లాలోదే. కౌలుకు తీసుకొని పండించిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోవడానికి వస్తే ఎదురు నిలబడింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు పడిపోయాడు. ఆ దొరల భూముల్లో ఎన్ని మొదటి సంపాదన పరీక్షకు నిలబడతాయి? రాత్‌బార్డ్‌నైతే అడగనే అక్కర్లేదు. బలవంతంగా గుంజుకున్న భూమి మీద భూస్వామికి హక్కే లేదు, దున్నేవాడే యజమాని, నష్టపరిహారం కూడా అక్కర్లేదు అని అదే 1982 పుస్తకంలో ఉంది. సంఘం జెండా పట్టుకున్న మా తాతకు ఈ సంగతి చెబితే, ఈ అమెరికావాడు ఏ దళం అని అడిగేవాడు.

మా ఊళ్లో 1951 ఏప్రిల్ 18న వినోబా వస్తే వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇచ్చారు. అది దానం. నోజిక్ కూడా దండం పెట్టే పద్ధతి, బలవంతం లేదు. కానీ దానం వేరు, దిద్దుబాటు వేరు. బాకీ ఉన్నవాడికి బాకీ తీర్చాలి, దానం చేయకూడదు. 1950 కౌలుదారీ చట్టంలో రక్షిత కౌలుదారు అనే మాట వచ్చింది, తర్వాత అలాంటి కౌలుదార్లకు ఆ చట్టం 38ఇ సెక్షన్ కింద యాజమాన్య సర్టిఫికెట్లు ఇచ్చారు. నా లెక్కలో నోజిక్ మూడో సూత్రానికి దగ్గరగా వచ్చింది అదే. భూదానం కాదు.

#14 సాగర్_ఎడమకాల్వ

అన్నా, మరి మూడు తరాల కింద గుంజుకున్న భూమిని ఐదుగురు చేతులు మారి, ఆఖరున పైసా పైసా కూడబెట్టి కొన్నవాడి దగ్గర నుంచి గుంజుతారా? ఎక్కడో ఒకచోట గీత గీయాలి కదా.

#15 పోచంపల్లి_పడుగు

గీయాలి. ఎక్కడన్నది నోజిక్ చెప్పలేదు. ఎవరి దగ్గర నుంచి ఎవరికి అన్యాయం జరిగిందో చరిత్ర తేల్చకపోతే, సమాజంలో అందరికంటే కిందున్నవాళ్ల స్థితి పెరిగేలా చూడటం ముతక సూత్రంగా పనికిరావచ్చని ఒక మాట అని వదిలేశాడు. ముతక సూత్రమే.

#16 నల్లరేగడి

భూమి అయింది, నీళ్లు మిగిలాయి. ఎలినార్ ఆస్ట్రమ్‌ను వదలొద్దు. 2009 నోబెల్. ఆమె స్వేచ్ఛావాది కాదు కానీ రెండు వైపులవాళ్లూ ఆమెను లాక్కుంటారు. ఉమ్మడి వనరును సర్కారుకో, ప్రైవేటుకో ఇవ్వకపోతే పాడైపోతుందన్న నమ్మకాన్ని 1990 పుస్తకంలో ఊళ్ల లెక్కలతో ప్రశ్నించింది. మా చెరువు కింద నీరటికాడు ఏ మడికి ఎంతసేపు నీళ్లు వదలాలో చూసేవాడు, పంటలో అతనికి వాటా. ఆమె రాసిందీ ఇలాంటి కట్టుబాట్ల గురించే. బోర్లు వచ్చాక నీరటి పోయాడు, ఎవడి లోతు వాడిది.

రొనాల్డ్ కోస్ 1960 వ్యాసం కూడా చూడు తమ్ముడూ. పక్కవాడి పశువులు చేన్లో పడితే ఎవరు ఎవరికి కట్టాలన్నదే అందులో పెద్ద ఉదాహరణ. బేరం ఖర్చు లేకపోతే చట్టం ఎవరి పక్షాన ఉన్నా ఇద్దరూ మాట్లాడుకొని ఒకే చోటికి వస్తారంటాడు. అసలు సంగతి బేరానికి ఖర్చు ఉండటమే. అందుకే ఊరికో బందెలదొడ్డి పెట్టుకున్నాం.

#17 పల్లీ_బండి

బందెలదొడ్డి దగ్గర మా తాత, పక్కింటి తాత ముప్పై ఏళ్లు మాట్లాడుకోలేదు. కోస్ గారికి చెప్పండి.

#18 దేవరకొండ_దారి

అందరికీ చాలా థాంక్స్. పేపర్ రూపం మారిపోయింది. హాయెక్ 1945 వ్యాసం, షెనాయ్ అసమ్మతి పత్రం, నోజిక్ మూడో సూత్రం, రాత్‌బార్డ్ భూమి అధ్యాయం. ఈ నాలుగే తీసుకుంటున్నా. ఆడబిడ్డ అక్క రాసిన ఒప్పందం సంగతి నోజిక్ కిందే వస్తుంది, అక్క ఒప్పుకుంటే వాళ్ల నాయిన ఉదాహరణ పేరు లేకుండా వాడుకుంటా.

రాత్రి నాన్నకు ఆడమ్ స్మిత్ మాట చెప్పా. "అట్లయితే ఎరికే ఉన్నది ఆయనకు" అన్నడు. తర్వాత పోచంపల్లి అన్న రాసింది చదివి వినిపించా. కాసేపు ఏం అనలేదు. పెట్టె తీసి ఒక కాగితం తెచ్చిండు. మా తోట భూమి తాత 1971లో దొర వాళ్ల మనిషి దగ్గర సాదాబైనామా మీద, అంటే రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద, కొన్నదట. అంతకు ముందు అందులో ఇంకో కుటుంబం కౌలు చేసేదట, వాళ్లు ఊరు విడిచిపోయారట. ఈ సంగతి నాకు ఇన్నాళ్లూ తెలియదు. సాగర్ అన్న గీత అన్నాడు కదా, ఇప్పుడు మేం గీతకు ఏ వైపు?

#19 పాలమూరు_ఆడబిడ్డ

వాడుకో తమ్ముడూ. ఊరి పేరు కూడా వద్దు.

#20 పోచంపల్లి_పడుగు

1954-55 ఖాస్రా పహాణీ, అంటే ఏ భూమి ఎవరిదో ఎవరు సాగు చేశారో రాసిన రికార్డు, నకలు తీయించు. పట్టాదారు గడి చూసి ఆగిపోకు, సాగుదారు గడిలో ఎవరి పేరుందో, రక్షిత కౌలుదారు అని రాసుందో చూడు. అది చూశాక మాట్లాడదాం.

#21 దేవరకొండ_దారి

సరే అన్నా. సోమవారం పోతా. నాన్న కూడా వస్తా అంటున్నడు.